సిగరెట్ నుంచి వేప్‌కి మారడం: పరికరం, నికోటిన్ మోతాదు, ఏ దేశంలో ఏ చట్టం

శ్రీను_87

రోజుకు 15 సిగరెట్లు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది. ఉంటున్నది బ్రిటన్‌లో. సిగరెట్ పూర్తిగా ఆపేసి వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి, మారాలనుకుంటున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

1. ఎలాంటి పరికరం, ఎన్ని మి.గ్రా. నికోటిన్?
2. ఫ్రెండ్ వేప్ పీల్చి చూస్తే దగ్గు వచ్చింది తప్ప సిగరెట్ తాగినట్టు లేదు. ఎందుకు?
3. డిసెంబర్‌లో దోహా మీదుగా ఇండియా వెళ్తున్నా. వెంట తీసుకెళ్ళొచ్చా?

యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

కాయిల్_బాబాయ్

మూడోదానికి ముందే జవాబు: తీసుకెళ్ళకండి. ఎందుకో సెక్షన్ సుబ్బారావు గారు చెప్తారు, ఈ టాపిక్ కనబడితే ఆయన ఆగరు. మొదటి రెండూ నేను చూస్తా.

మీ ఫ్రెండ్ దగ్గర ఉన్నది బహుశా పెద్ద ట్యాంకు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగే రకం. దాన్ని డీటీఎల్ అంటాం. అందులో కాయిల్ (దూదిలోని లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి చేసే తీగ) 0.15 నుంచి 0.5 ఓమ్ మధ్య ఉంటుంది, వాట్లు 40 పైన, పొగమేఘం పెద్దది, లిక్విడ్‌లో నికోటిన్ 3 మి.గ్రా. మాత్రమే. సిగరెట్ తాగేవాళ్ళు పొగని ముందు నోట్లో నింపుకుని, తర్వాత లోపలికి పీలుస్తారు. ఆ అలవాటుతో డీటీఎల్ లాగితే దగ్గు రావడం ఖాయం. పైగా నికోటిన్ చాలదు, అందుకే తృప్తి లేదు.

మీకు కావాల్సింది ఎంటీఎల్ పాడ్, అంటే పాడ్ అనే చిన్న గూట్లో లిక్విడ్ పోసుకునే పరికరం. నోట్లోకి లాగి, ఆ తర్వాత లోపలికి. కొనేటప్పుడు చూడాల్సినవి:

కాయిల్ 0.8 నుంచి 1.2 ఓమ్. పవర్ 10 నుంచి 16 వాట్లు. గాలి రంధ్రం సర్దుకునేలా స్లైడర్ ఉండాలి, సిగరెట్ అంత బిగువుగా లాగాలంటే దాన్ని సగానికి పైగా మూసెయ్యాలి. పాడ్ 2 మి.లీ., మళ్ళీ నింపుకునే రకం. బ్యాటరీ 800 ఎంఏహెచ్‌కి తగ్గకుండా ఉంటే రోజంతా వస్తుంది.

లిక్విడ్: నికోటిన్ సాల్ట్, 20 మి.గ్రా., పీజీ (ప్రొపిలిన్ గ్లైకాల్), వీజీ (చిక్కగా ఉండే వెజిటబుల్ గ్లిజరిన్) సగం సగం. 70 శాతం వీజీ ఉన్న చిక్కటి లిక్విడ్ ఈ చిన్న కాయిల్స్ రంధ్రాల్లోంచి దూదికి సరిగ్గా అందదు, మాడు వాసన వస్తుంది.

శ్రీను_87

20 మి.గ్రా. అంటే 15 సిగరెట్లకి ఎక్కువ కాదా? 6 తీసుకోమన్నాడు షాపులో.

పద్మ_ఫార్మా

ఎక్కువ కాదు. ఈ దారిలో జనం వెనక్కి జారిపోయేది చాలాసార్లు ఇక్కడే: భయపడి తక్కువ నికోటిన్‌తో మొదలుపెడతారు, తలనొప్పి, చిరాకు మొదలవుతాయి, వారం తిరక్కుండా మళ్ళీ పెట్టె కొంటారు.

లెక్క ఇలా చూడండి. ఒక సిగరెట్ నుంచి ఒంటికి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మి.గ్రా. పదిహేనుకి 15 నుంచి 22. బాటిల్ మీద రాసిన 20 అంటే మిల్లీలీటర్‌కి 20 మి.గ్రా., సీసా మొత్తానికి కాదు. కొన్నిటి మీద ఇదే 2 శాతం అని ఉంటుంది. ఎంటీఎల్ పాడ్‌లో రోజుకి 2 మి.లీ. అటూఇటూ ఖర్చవుతుంది, అంటే 40 మి.గ్రా. అందులో మీరు పీల్చినదంతా రక్తంలోకి వెళ్ళదు, కొంత ఆవిరితోపాటు బయటికే పోతుంది. అందుకని లెక్క సరిపోతుంది.

లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ అన్నారు చూడండి, రోజుకి ఎన్ని అన్నదానికంటే అదే ముఖ్యం. నికోటిన్ మీద ఎంత ఆధారపడ్డారో అది చెబుతుంది. అలాంటివాళ్ళకి 20తో మొదలుపెట్టడమే మేలు. రోజుకి ఐదారు, అదీ మధ్యాహ్నం తర్వాత తాగేవాళ్ళయితే 10 చాలు.

ఎక్కువైతే ఒళ్ళే చెప్పేస్తుంది: తల తిరగడం, వికారం, చెమట, గుండె దడ. అప్పుడు ఆపి, నీళ్ళు తాగి కూర్చుంటే కాసేపట్లో తగ్గుతుంది. వాంతులవుతున్నా, తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఉత్తరగాలి

సాల్ట్ ఎందుకు, మామూలు నికోటిన్ ఎందుకు కాదు?

కాయిల్_బాబాయ్

మామూలుది, అంటే ఫ్రీబేస్, క్షార గుణం కలది. 12 దాటితే గొంతులో గట్టిగా గీరుతుంది. సాల్ట్‌లో బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలుపుతారు, పీహెచ్ తగ్గుతుంది, అందుకే 20 దగ్గర కూడా గొంతుకి మెత్తగా వెళ్తుంది. గొంతులో ఆ గీర లేకపోతే సిగరెట్ తాగినట్టే ఉండదనేవాళ్ళు ఫ్రీబేస్ 12 తీసుకోండి, తప్పు లేదు. సాల్ట్ 20ని మాత్రం సబ్ ఓమ్ ట్యాంకులో, అంటే పైన చెప్పిన డీటీఎల్ రకంలో, పొయ్యకండి. అంత ఆవిరిలో అంత నికోటిన్ అంటే నాలుగు పఫ్‌లకే కళ్ళు తిరుగుతాయి.

కాయిల్_బాబాయ్

పీల్చే పద్ధతి రాయడం మర్చిపోయా. అసలు సంగతి ఇందులోనే ఉంది.

సిగరెట్‌ని ఒకటిన్నర, రెండు సెకన్లు గట్టిగా లాగుతారు. ఎంత గట్టిగా లాగితే నిప్పు అంత రాజుకుంటుంది. వేప్‌లో ఇది తిరగబడుతుంది. కాయిల్ వేడెక్కడానికి కాస్త టైమ్ కావాలి, గట్టిగా లాగితే గాలి దాన్ని చల్లార్చేస్తుంది, ఆవిరవ్వని లిక్విడ్ చుక్కలుగా నోట్లోకి వస్తుంది. కాబట్టి నెమ్మదిగా మూడు, నాలుగు సెకన్లు. లోపల బిగబట్టి ఉంచక్కర్లేదు, మామూలుగా వదిలెయ్యండి. పఫ్‌కి పఫ్‌కి మధ్య 15, 20 సెకన్లు ఆగాలి, దూది మళ్ళీ తడవాలి కదా.

ఇంకోటి. సిగరెట్ వెలిగిస్తే అయిపోయేదాకా తాగుతారు, అక్కడితో లెక్క తేలిపోతుంది. వేప్‌కి ఆ చివర లేదు. నికోటిన్ కూడా కాస్త నిదానంగా ఎక్కుతుంది. పొద్దున్నే ఐదారు నిమిషాల్లో ఎనిమిది, పది పఫ్‌లు తీసుకోండి. తర్వాత తపన పుట్టేదాకా ఆగకుండా, పుట్టకముందే రెండు మూడు పఫ్‌లు. సిగరెట్ మనసులోకి వచ్చాక పాడ్ కోసం జేబులు వెతుక్కుంటే గెలిచేది సిగరెట్టే.

గోడమీద_పిల్లి

అంటే నికోటిన్ మానేసి నికోటిన్ పట్టుకోవడం. దీనికి ఇంత శాస్త్రమా? ప్రపంచ ఆరోగ్య సంస్థే దీన్ని మాన్పించే సాధనంగా సిఫార్సు చెయ్యదు.

పద్మ_ఫార్మా

చెయ్యదు, నిజమే. బ్రిటన్ ఆరోగ్య శాఖ మాత్రం సిగరెట్ తాగేవాళ్ళ వరకు దీన్ని ప్రోత్సహిస్తుంది. 2023లో పది లక్షల మందికి వేప్ స్టార్టర్ కిట్లు ఇస్తామని స్వాప్ టు స్టాప్ పథకం కూడా ప్రకటించింది. రెండు వైపులా వాదనలున్నాయి, కాబట్టి ఆధారాలే చూద్దాం.

2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో 886 మంది. అందరికీ కౌన్సెలింగ్ ఉంది. ఏడాది తర్వాత సిగరెట్ మానేసి ఉన్నవాళ్ళు వేప్ గుంపులో 18 శాతం, నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ), గమ్ (నమిలేది) వాడిన గుంపులో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. అయితే అదే అధ్యయనంలో, వేప్‌తో మానేసినవాళ్ళలో 80 శాతం మంది ఏడాది చివర ఇంకా వేప్ వాడుతూనే ఉన్నారు. రెండో గుంపులో మానేసినవాళ్ళలో ఇంకా ప్యాచ్, గమ్ వాడుతున్నది 9 శాతమే. మీరన్నదాంట్లో నిజం ఇక్కడుంది.

సిగరెట్‌లో ఊపిరితిత్తుల్నీ గుండెనీ ఎక్కువగా తినేసేది మంట వల్ల పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్. వేప్‌లో మంట లేదు కాబట్టి అవి లేవు. అలాగని అది స్వచ్ఛమైన గాలీ కాదు, దశాబ్దాలు పీల్చితే ఏమవుతుందో లెక్క తేలడానికి ఈ వస్తువు వయసే చాలదు. ఎప్పుడూ సిగరెట్ ముట్టనివాళ్ళు దీని జోలికి రావాల్సిన పని లేనే లేదు. గర్భిణులు ముందు ప్యాచ్, గమ్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

గోడమీద_పిల్లి

80 శాతం సంగతి మీరే చెప్పారు కాబట్టి ఈసారికి ఊరుకుంటున్నా.

ఉత్తరగాలి

ఒక్కసారిగా ఆపాలా? పొద్దున వేప్, భోజనమయ్యాక ఒక సిగరెట్ అంటే మొదట్లో పర్లేదు కదా?

పద్మ_ఫార్మా

మొదటి ఒకటి రెండు వారాలు అలా జరిగితే నెత్తిన కొట్టుకోనక్కర్లేదు. కానీ దాన్నే పద్ధతి చేసుకోకూడదు. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకి ఒకే ఒక్క సిగరెట్ తాగినా గుండెజబ్బు అదనపు ముప్పు, ఇరవై తాగేవాళ్ళకి ఉండేదాంట్లో సుమారు సగం దాకా ఉంటుంది. ఇరవైలో ఒకటి అంటే ముప్పు కూడా ఇరవయ్యో వంతే అనుకుంటాం. గుండె విషయంలో ఆ లెక్క పనిచెయ్యదు.

ఒక తేదీ పెట్టుకోండి. దానికి వారం ముందే పాడ్ కొని, పీల్చే పద్ధతి చేతికి అలవాటు చేసుకోండి. ఆ తేదీ నుంచి ఇంట్లో సిగరెట్, లైటర్, యాష్‌ట్రే ఏవీ ఉండకూడదు. బ్రిటన్‌లో చాలా కౌన్సిళ్ళ పరిధిలో పొగ మాన్పించే సేవ ఉంటుంది, ఉచితం. అక్కడ ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు. పది పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి పది) కంటే తక్కువ వస్తే సిగరెట్ తాగనట్టు. వేప్ వల్ల ఈ అంకె పెరగదు, కాబట్టి నిజంగా మారారా లేదా అనేది అక్కడ దాగదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది షాపులో ఎవరూ చెప్పరు. మందులు వాడేవాళ్ళు చదవండి. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని రెచ్చగొడతాయి, దాంతో కొన్ని మందులు త్వరగా కరిగిపోతాయి. ఆ పని చేసేది పొగ, నికోటిన్ కాదు. అందుకే వేప్‌కి మారినా, పూర్తిగా మానేసినా, ఎంజైమ్ కొద్ది రోజుల్లో మామూలు స్థితికి దిగిపోయి, అదే మోతాదు మందు రక్తంలో ఎక్కువగా పేరుకుంటుంది. క్లోజపిన్, ఓలాంజపిన్, థియోఫిలిన్ వాడేవాళ్ళు మానే తేదీకి ముందే డాక్టర్‌కి చెప్పాలి. క్లోజపిన్ విషయంలో ఇది ప్రమాదకరం కూడా. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే పరీక్ష) చూపించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు చక్కెర తరచుగా చూసుకోవాలి.

కాఫీ కూడా ఇదే ఎంజైమ్ దారి. సిగరెట్ మానేసిన వారంలో నిద్ర పట్టట్లేదు, చేతులు వణుకుతున్నాయి అనేవాళ్ళు చాలామంది నికోటిన్‌ని తిట్టుకుంటారు. రోజుకి నాలుగు కాఫీలు తాగేవాళ్ళు రెండుకి దిగి చూడండి.

శ్రీను_87

కాఫీ సంగతి అస్సలు తెలీదు. థాంక్స్ మేడమ్. పాడ్ ఆర్డర్ పెట్టేశా, 1.0 ఓమ్. వచ్చాక ఏం చెయ్యాలి?

కాయిల్_బాబాయ్

కొత్త కాయిల్ దూది పొడిగా ఉంటుంది. నింపగానే నొక్కితే దూది మాడిపోతుంది, ఇక ఆ కాయిల్ పారెయ్యాల్సిందే, ఆ వాసన పోదు.

కాయిల్ విడిగా వచ్చే రకమైతే, పక్కనున్న రంధ్రాల్లో కనిపించే దూది మీద ఒక్కో చుక్క వెయ్యండి. తర్వాత పాడ్‌లో బిగించి, లిక్విడ్ పోసి, పది నిమిషాలు నిలబెట్టి ఉంచండి. బటన్ నొక్కకుండా మూడు నాలుగుసార్లు ఊరికే గాలి లాగండి, లిక్విడ్ దూదిలోకి దిగుతుంది. బటన్ లేకుండా లాగగానే వెలిగే రకమైతే ఇది చెయ్యకుండా ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. వాట్లు సర్దుకునే వీలుంటే, కాయిల్ మీద రాసిన పరిధిలో అతి తక్కువతో మొదలుపెట్టి ఒక్కో వాట్ పెంచుకుంటూ పోండి. 1.0 ఓమ్‌కి 12, 13 వాట్ల దగ్గర ఆగుతారు చాలామంది.

ఏది తేడా చేస్తే ఎక్కడ చూడాలో కూడా రాసేస్తా.

మాడు రుచి: పాడ్‌లో లిక్విడ్ మూడో వంతుకి దిగిపోయిందా, వరసపెట్టి లాగుతున్నారా, లిక్విడ్ చిక్కగా ఉందా, వాట్లు ఎక్కువా, ఈ వరసలో చూడండి. ఏవీ కాకపోతే కాయిల్ అయిపోయింది. మాడు రుచితో మాత్రం లాగుతూ కూర్చోకండి, దూదీ లిక్విడూ అతిగా వేడెక్కినప్పుడే ఫార్మాల్డిహైడ్, ఆక్రోలీన్ లాంటివి ఎక్కువ పుడతాయి.

గుడగుడ శబ్దం, నోట్లో చుక్కలు: కాయిల్‌లో లిక్విడ్ నిండిపోయింది. పాడ్ తీసి, నోరు పెట్టే వైపు కిందికి తిప్పి, టిష్యూ మీద గట్టిగా రెండుసార్లు విదిలించండి. పాడ్ అడుగున, బ్యాటరీ కాంటాక్టుల మీద తడి తుడవండి. సాధారణంగా గట్టిగా లాగడం వల్లే ఇది వస్తుంది.

కారడం: ఓ-రింగ్ (రబ్బరు వలయం) మెలిపడిందా, చిరిగిందా చూడండి. నింపే రంధ్రం మీద రబ్బరు మూత పూర్తిగా కూర్చోవాలి, కారే పాడ్‌లలో సగానికి రోగం అదే. ఎండలో కారులో వదిలేస్తే లిక్విడ్ పలచబడి కారుతుంది.

వారానికే కాయిల్ నల్లబడటం: లిక్విడ్‌లో తీపి కోసం కలిపే సుక్రలోజ్. అది ఆవిరవదు, కాయిల్ మీద అట్టు కట్టి మాడుతుంది. పొగాకు, పుదీనా రుచులకి అదే కాయిల్ రెండు వారాలు వస్తుంది, మిఠాయి రుచులకి నాలుగైదు రోజులకే పోతుంది.

ఉత్తరగాలి

బ్యాటరీలు పేలతాయంటారు?

కాయిల్_బాబాయ్

చిన్న పాడ్‌లో బ్యాటరీ లోపలే ఉంటుంది, రక్షణ సర్క్యూట్ ఉంటుంది. 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే మామూలు అడాప్టర్‌తో చార్జ్ చెయ్యండి, లాప్‌టాప్ ఫాస్ట్ చార్జర్ వద్దు, మంచం మీద పెట్టి పడుకోవద్దు. ప్రమాదాలు ఎక్కువగా 18650 అనే, విడిగా తీసి వేసుకునే బ్యాటరీలతో వస్తాయి: పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగినవి వాడటం, తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వెయ్యడం. చిల్లర నాణెం రెండు కొసల్నీ కలిపితే షార్ట్ అయ్యి తొడ కాలుతుంది. విడి బ్యాటరీకి ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి. 0.15 ఓమ్ కాయిల్ మీద నిండు బ్యాటరీ, అంటే 4.2 వోల్టులు నేరుగా పడితే 28 ఆంపియర్లు. అంత కరెంటు తట్టుకోలేని బ్యాటరీలు మార్కెట్లో బోలెడు. రక్షణ సర్క్యూట్ లేని, మెకానికల్ మోడ్‌లు అనే పరికరాలు కొత్తవాళ్ళకి అస్సలు వద్దు.

నైట్_షిఫ్ట్_నాని

బ్రో, అన్నీ బాగున్నాయి గానీ 2 మి.లీ. పాడ్ రోజూ నింపుకోవడం విసుగు. కార్నర్ షాపుల్లో 10 వేల పఫ్‌ల డిస్పోజబుల్ దొరుకుతోంది, 5 శాతం నికోటిన్. హాయిగా పారేస్తే పోలా.

సెక్షన్_సుబ్బారావు

నాని గారు ఒక్క వాక్యంలో రెండు ఉల్లంఘనలు రాశారు. విడివిడిగా చూద్దాం.

బ్రిటన్‌లో నికోటిన్ ఉన్న ఈ-లిక్విడ్‌కి 2016 నియమాల ప్రకారం హద్దులు: ట్యాంకు లేదా పాడ్ 2 మి.లీ.కి మించకూడదు, రీఫిల్ సీసా 10 మి.లీ.కి మించకూడదు, నికోటిన్ మి.లీ.కి 20 మి.గ్రా. మించకూడదు. 5 శాతం అంటే 50 మి.గ్రా., అది చట్టవిరుద్ధం. ఐరోపా యూనియన్ దేశాల్లోనూ ఇవే అంకెలు.

ఇక డిస్పోజబుల్స్. 2025 జూన్ 1 నుంచి బ్రిటన్ అంతటా వాటి అమ్మకం, సరఫరా నిషేధం, నికోటిన్ ఉన్నా లేకున్నా. చార్జ్ చేసుకునేలా, మళ్ళీ నింపుకునేలా రెండూ ఉంటేనే తిరిగి వాడేది. యూఎస్‌బీ రంధ్రం పెట్టి, లిక్విడ్ నింపే దారి లేకుండా అమ్మితే అది డిస్పోజబులే. శిక్ష అమ్మేవాడికి, కొన్నవాడికి కాదు. కానీ ఆ వస్తువు లోపల ఏముందో ఎవరూ పరీక్షించలేదు, ప్రకటించలేదు.

అసలు సరుకు గుర్తుపట్టడం: ప్యాకెట్ మీద నికోటిన్ హెచ్చరిక ముందు వెనకా ముప్పై శాతం మేర ఉండాలి, పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, లోపల కరపత్రం ఉండాలి. మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ వెబ్‌సైట్‌లో ప్రకటించిన ఉత్పత్తుల జాబితా ఉంది, బ్రాండ్ పేరు కొట్టి చూడొచ్చు. 2026 అక్టోబర్ 1 నుంచి 10 మి.లీ.కి 2.20 పౌండ్ల సుంకం, నికోటిన్ లేనిదానికి కూడా.

నైట్_షిఫ్ట్_నాని

మరి 50 మి.లీ. సీసాలు అమ్ముతున్నారుగా షాపుల్లో?

సెక్షన్_సుబ్బారావు

అది షార్ట్‌ఫిల్. అందులో నికోటిన్ ఉండదు కాబట్టి 10 మి.లీ. హద్దు వర్తించదు. సీసాలో ఖాళీ వదిలి అమ్ముతారు, మి.లీ.కి 18 మి.గ్రా. ఉన్న నికోటిన్ షాట్ 10 మి.లీ.ది విడిగా కొని కలుపుకోవాలి. 50 మి.లీ.కి ఒక షాట్ కలిపితే 60 మి.లీ., మొత్తం నికోటిన్ 180 మి.గ్రా., అంటే మి.లీ.కి 3. ఇది డీటీఎల్ వాళ్ళ లెక్క. శ్రీను గారికి పనికిరాదు.

పద్మ_ఫార్మా

కలిపేటప్పుడు చేతికి గ్లవ్స్. నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, చేతి మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసాలు అందని చోట, తాళం వేసి పెట్టాలి. పండ్ల వాసన, రంగురంగుల సీసా, పసిపిల్లలకి సిరప్‌లాగే కనిపిస్తుంది. మింగారని అనుమానం వస్తే లక్షణాల కోసం కాచుకుని కూర్చోవద్దు, ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి.

సెక్షన్_సుబ్బారావు

ఇప్పుడు మూడో ప్రశ్న. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ఇండియాలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్సు, ఆ డిసెంబర్‌లో దాని స్థానంలో చట్టం వచ్చాయి. సెక్షన్ 4 కింద ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు నిషేధం. సెక్షన్ 5 కింద నిల్వ నిషేధం. మొదటిదానికి తొలిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వకి ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా లేదా రెండూ.

"వాడటం అని చట్టంలో ఎక్కడా లేదు కదా" అని ప్రతిసారీ ఎవరో ఒకరు వాదిస్తారు. ఆ మాట చట్టంలో లేదు, నిజమే. కానీ మీరు విమానం దిగి వస్తున్నారు. సంచిలో ఉన్నది సరిహద్దు దాటితే దిగుమతే. సొంత వాడకానికి ఒకటీ రెండూ తెచ్చుకోవచ్చన్న మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. నిర్వచనం కూడా విశాలం: నికోటిన్ ఉన్నా లేకున్నా, వేడి చేసి పీల్చే ఏ ఎలక్ట్రానిక్ పరికరమైనా వస్తుంది, పొగాకుని కాల్చకుండా వేడిచేసే పరికరాలు, ఈ-హుక్కాలతో సహా. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు ఉన్న మందులకి మాత్రం ఇది వర్తించదు.

నైట్_షిఫ్ట్_నాని

చెక్ ఇన్ లగేజీలో బట్టల మధ్య పెడితే ఎవరు చూస్తారు?

సెక్షన్_సుబ్బారావు

ఎక్స్‌రే చూస్తుంది. అదొక్కటే కాదు, చెక్ ఇన్ లగేజీలో వేప్ పెట్టడం ఏ దేశానికి వెళ్ళినా తప్పే. 2015 నుంచి అంతర్జాతీయ విమానయాన నియమం అది, లిథియం బ్యాటరీ సామాన్ల అరలో తనంతట తాను వేడెక్కితే మంటల్ని ఆర్పేవాళ్ళు ఉండరు. అనుమతి ఉన్న దేశాల మధ్య ప్రయాణమైనా చేతి సంచిలోనే ఉండాలి, విమానంలో చార్జ్ చెయ్యకూడదు, పీల్చకూడదు. టాయిలెట్లో కూడా.

మోడరేటర్

చట్టాన్ని తప్పించుకునే సలహాలు ఈ వేదికలో వద్దు. ఆ దారిలో ఇంకో పోస్టు వస్తే తీసేస్తా.

గోడమీద_పిల్లి

ప్రతి పాన్ డబ్బాలో సిగరెట్ లూజుగా అమ్మే దేశంలో వేప్‌కి జైలు. ఇది తప్పించుకునే సలహా కాదు, ఊరికే అన్నా.

శ్రీను_87

దోహాలో నాలుగు గంటలు ట్రాన్సిట్. అక్కడ కూడా సమస్యేనా?

సెక్షన్_సుబ్బారావు

ఖతర్‌లోనూ నిషేధమే. దుబాయ్ వేరు, ఎమిరేట్స్‌లో 2019 నుంచి చట్టబద్ధం. ఒకే గల్ఫ్ కదా అనుకోకూడదు. మీకైతే చివరి మజిలీ ఇండియానే కాబట్టి ఏ దారిలో వెళ్ళినా ఇంట్లో వదిలేసి వెళ్ళడం తప్పదు.

వేరే దేశాలు అడిగేవాళ్ళ కోసం క్లుప్తంగా. సింగపూర్: కొనడం, వాడటం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నేరం, 2025 సెప్టెంబర్ 1 నుంచి శిక్షలు ఇంకా పెంచారు. థాయ్‌లాండ్: దిగుమతి నిషేధం, టూరిస్టు అని వదలరు. ఆస్ట్రేలియా: అమ్మకం ఫార్మసీల్లోనే, ప్రయాణికులు సొంత చికిత్స కోసం రెండు పరికరాలు, 20 పాడ్‌లు లేదా ఇతర విడిభాగాలు, 200 మి.లీ. లిక్విడ్ వరకు వెంట తెచ్చుకోవచ్చు. అమెరికా: కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, రుచుల మీద రాష్ట్రాన్ని బట్టి నిషేధాలు. టికెట్ కొన్నాక కాదు, కొనేముందే ఆ దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్ చూడండి, ఈ నియమాలు ఏడాది ఏడాదికీ మారుతున్నాయి.

శ్రీను_87

సరే, వదిలేసి వెళ్తా. మరి మూడు వారాలు నికోటిన్ లేకుండా ఉండి, అక్కడ కజిన్స్ మధ్య సిగరెట్ ముట్టకుండా ఎలా? వాళ్ళందరూ తాగేవాళ్ళే.

పద్మ_ఫార్మా

నికోటిన్ లేకుండా ఎందుకు ఉండాలి? ప్యాచ్, గమ్ మందుల కిందికి వస్తాయి, రెండు దేశాల్లోనూ చట్టబద్ధం. ఇక్కడే ఫార్మసీలో మూడు వారాలకి సరిపడా కొని, అసలు ప్యాకెట్లలోనే తీసుకెళ్ళండి.

మీ వాడకానికి 24 గంటల 21 మి.గ్రా. ప్యాచ్ రోజుకొకటి. ఇది నేల లాంటిది, రోజంతా ఒకే మట్టం. తపన పుట్టినప్పుడు దాని మీద గమ్. ప్రయాణం రోజు పొద్దున్నే స్నానం చేశాక, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, భుజం పైనో ఛాతీ పైనో అంటించి పది సెకన్లు అరచేత్తో అదమండి. మర్నాడు చోటు మార్చాలి, లేకపోతే దద్దురు వస్తుంది. పిచ్చి కలలు వస్తుంటే రాత్రి తీసేసి, పొద్దున కొత్తది వేసుకోండి. ప్యాచ్ వేసుకోగానే పనిచెయ్యదు, కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి ఎయిర్‌పోర్ట్‌లో వేసుకోవడం ఆలస్యమే.

గమ్‌ని బబుల్‌గమ్‌లా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, మంట తప్ప లాభం లేదు. నాలుగైదుసార్లు నెమ్మదిగా కొరకాలి, కారంగా చిమచిమలాడగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టాలి. చిమచిమ తగ్గాక మళ్ళీ కొరకాలి, రెండో వైపు పెట్టాలి. అలా అరగంట. గమ్ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, కూల్‌డ్రింక్, పళ్ళరసం వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ చర్మంలోంచి లోపలికి దిగదు. గమ్ పనిచెయ్యలేదనేవాళ్ళని అడిగితే తొంభై పాళ్ళు కాఫీతో పాటు నమిలినవాళ్ళే తేలతారు.

అక్కడ అయిపోతే 2 మి.గ్రా. గమ్ మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతుంది. ఇండియాలో ఉండి మానాలనుకునేవాళ్ళకి జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800 11 2356 ఉంది, టోల్ ఫ్రీ.

ఉత్తరగాలి

ఇండియాలో ఉన్నవాళ్ళకి వేప్ దారి లేదు కదా. ప్యాచ్, గమ్ కాకుండా ఇంకేమైనా?

పద్మ_ఫార్మా

వారెనిక్లిన్. డాక్టర్ రాయాలి. మొదటి మూడు రోజులు 0.5 మి.గ్రా. రోజుకోసారి, నాలుగు నుంచి ఏడో రోజు దాకా అదే రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మి.గ్రా. రెండుసార్లు, మొత్తం 12 వారాలు. సిగరెట్ ఆపేది సాధారణంగా రెండో వారంలో. భోజనం చేసి, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి మోతాదు మారుతుంది. బ్యుప్రోపియన్ ఇంకోటి, మూర్ఛ చరిత్ర ఉన్నవాళ్ళకి అది ఇవ్వరు.

శ్రీను_87

ఇంకో రెండు. వెళ్ళే ముందు పాడ్‌ని ఏం చెయ్యాలి? తిరిగొచ్చాక మళ్ళీ 20తోనే మొదలుపెట్టాలా, తగ్గించొచ్చా?

కాయిల్_బాబాయ్

పాడ్ ఖాళీ చేసి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. కాయిల్ పారెయ్యండి, మూడు వారాలు తడిగా ఉన్న దూది మళ్ళీ రుచి ఇవ్వదు. బ్యాటరీ సగం చార్జ్‌లో ఉంచి, ఎండ తగలని చోట పెట్టండి. పాత పాడ్‌లు, పాడైన పరికరాలు చెత్తబుట్టలో వద్దు, చెత్త లారీలో నలిగి అంటుకుంటాయి. బ్రిటన్‌లో వేప్ అమ్మే షాపులు పాతవి తిరిగి తీసుకోవాలి, అక్కడ ఇచ్చెయ్యండి.

పద్మ_ఫార్మా

మూడు వారాలు ప్యాచ్ మీద సిగరెట్ లేకుండా గడిచిపోతే, తిరిగొచ్చాక పాడ్ తెరవకుండా అదే కొనసాగించొచ్చు. 21 మి.గ్రా. మొత్తం ఆరు వారాలు, తర్వాత 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. మళ్ళీ వేపే కావాలంటే 20తోనే మొదలుపెట్టి, సిగరెట్ ఊసు లేకుండా రెండు మూడు నెలలు గడిచాక 10కి దిగండి. అక్కడ రోజువారీ లిక్విడ్ 2 మి.లీ. నుంచి 4కి పెరిగిపోతే దిగనట్టే లెక్క, ఎక్కువ పీల్చి భర్తీ చేసుకుంటున్నారు. ఇంకో నెల ఆగి చూడండి. సిగరెట్ మీదికి మనసు మళ్ళితే వెంటనే పాత మోతాదుకి వెళ్ళిపోవాలి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

శ్రీను_87

ప్యాచ్‌లు 21వి మూడు పెట్టెలు, 2 మి.గ్రా. గమ్ ఒకటి తీసుకున్నా. గమ్ 4 మి.గ్రా. తీసుకోవాలా?

పద్మ_ఫార్మా

లేచిన అరగంటలోపు తాగేవాళ్ళకి 4 అనేది గమ్ ఒక్కటే వాడేటప్పటి లెక్క. కింద ప్యాచ్ ఉంది కాబట్టి 2 చాలు. ప్యాచ్ పెట్టె మీద చూసుకోండి, ఒక్కో పెట్టెలో 7 ఉంటే 21 రోజులు. తిరుగు ప్రయాణం ఆలస్యమైతే అన్నట్టు ఇంకో పెట్టె అదనంగా పెట్టుకోండి.